బంతుల బీడులో బంగళా

రిటైరైన నలభయ్యో రోజు ఉదయం రామమూర్తి మాస్టారు పడక్కుర్చీలోంచి తనంతట తాను లేచాడు.

పొదిలి హైస్కూల్లో ఆయన ఇరవై తొమ్మిదేళ్లు సోషల్ చెప్పాడు. భూగోళం, పౌరశాస్త్రం ఏదో దాటించేసి, చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టినా పిల్లల్ని వదిలేవాడు కాదు. యాభై అయిదేళ్లకే ఇళ్లకు పొమ్మని ప్రభుత్వం ఉత్తర్వు వేసిన ఏడాది అది. ఇంకో మూడేళ్లు పాఠం చెప్పుకోవచ్చనుకున్న మనిషి దండతో, శాలువాతో ఇంటికి వచ్చి, ఆ శాలువా కప్పుకునే గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు. పెట్టింది తినేవాడు. ఆయన భార్య కామేశ్వరికి అదే భయం వేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో కూరకి వంక పెట్టకుండా ఆయన విస్తరి ముందునుంచి లేచిన పూట లేదు.

అలాంటిది ఆ ఉదయం పేపరు పట్టుకుని వంటింట్లోకే వచ్చేశాడు.

"కామేశ్వరీ, ఇది విను. 'చారిత్రాత్మక గోల్ఫ్ రిసార్ట్ కాలనీలో దొరలనాటి బంగళాలు అమ్మబడును. వినుకొండకు ఏడు మైళ్లు. కొద్దిమందికే అవకాశం.' చారిత్రాత్మకం అనకూడదు, చారిత్రకం అనాలి. పోనీలే. ఎప్పుడు వెళ్దాం?"

"గోల్ఫంటే ఏవిటండీ?"

"అదే, దొరలు కర్రతో బంతిని కొడతారు చూడూ."

"బిళ్లంగోడా?"

"అలాంటిదే. అది కాదు ముఖ్యం. దొరలనాటి బంగళా! మన వినుకొండ దగ్గర!"

గుంటూరు బ్రాడీపేటలో చెల్లెలు బాలసరస్వతి ఇంటిపక్కనే చిన్న ఇల్లు అమ్మకానికి ఉందని కామేశ్వరి ఆరు నెలలుగా చెబుతోంది. గుమ్మం దిగితే కూరగాయల బండి, వీధి మలుపు తిరిగితే సినిమాహాలు. ఆ మాట మళ్లీ ఎత్తబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. నలభై రోజుల తర్వాత ఆ మొహంలో నెత్తురు చుక్క కనిపించింది. చూసి రావడానికి డబ్బులేం అడగరు కదా అనుకుని పులిహోర కలిపి మూటగట్టింది.

బస్సు దిగగానే టై కట్టుకున్న మనిషి ఒకడు ఎదురొచ్చాడు. పేరు ఇమ్మానియేలు. పాత పత్తికంపెనీ ఆస్తులు అమ్మిపెట్టే ఏజెంటు. ఆ ఎండలో ఆ టై చూస్తుంటే కామేశ్వరికే ఊపిరాడలేదు.

"వెల్‌కమ్ సార్! వెల్‌కమ్ మేడమ్! వెస్ట్‌బరీ గోల్ఫ్ రిసార్ట్ కాలనీ! పంతొమ్మిది వందల పదకొండు!"

"ఈ బీడేనా?" అంది కామేశ్వరి.

ఎదురుగా కనుచూపు మేర నల్లరేగడి. అక్కడక్కడా ఎండిన గడ్డి, చిల్లచెట్లు. మధ్యమధ్య కర్రలకి కట్టిన ఎర్రగుడ్డ పీలికలు. ఒకపక్క వరసగా ఆరు పెంకుటి బంగళాలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని బంతుల బీడు అంటారని ఆమెకి బస్సులోనే తెలిసింది. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "బంతుల బీడు కాడ దిగేదెవరు?" అని అరిచాడు.

నాలుగో నంబరు బంగళా ముందు తెల్లగడ్డం ముసలాయన ఒకడు నిలబడి సలాం చేశాడు.

"నా పేరు బుడానండి. నేను కేడీనండి."

కామేశ్వరి రెండడుగులు వెనక్కి వేసి పులిహోర మూట గుండెలకి హత్తుకుంది. "ఏవండీ, పోలీసుల దగ్గర ఫొటో ఉండే కేడీయేనా?"

"కాదు మేడమ్!" ఇమ్మానియేలు కంగారుగా అడ్డం వచ్చాడు. "కర్రల సంచీ మోసేవాళ్లని ఇంగ్లీషులో కేడీ అంటారు."

"యాభై రెండేళ్లుగా కేడీనేనమ్మగారూ. మా నాయన కూడా కేడీయే," అన్నాడు బుడాన్ గర్వంగా.

బంగళా మాత్రం బాగుంది. అంత ఎత్తు కప్పు, చుట్టూ వరండా, ఏనుగు పట్టే గుమ్మాలు. రామమూర్తి గోడ తడిమాడు, గొళ్లెం తడిమాడు, ఒక దూలం మీద చెక్కిన అంకెలు చూసి అరచేతులు రుద్దుకున్నాడు. కామేశ్వరి చూసినవి వేరు. వంటిల్లు ఇంటికి నలభై గజాల దూరంలో ఉంది.

"ఇదేం వంటిల్లయ్యా? చారు ఇక్కడ కాచి అక్కడికి తీసుకెళ్లేసరికి చల్లారిపోదూ?"

"దొరలకి వంట వాసన పడదు మేడమ్. హెరిటేజ్!" అన్నాడు ఇమ్మానియేలు.

రామమూర్తి అక్కడికక్కడే బయానా ఇచ్చేశాడు. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాకనే ఇమ్మానియేలు నెమ్మదిగా దగ్గి, "చిన్న ఫార్మాలిటీ ఉంది సార్, సెక్రటరీగారిని కలవాలి," అన్నాడు.

సెక్రటరీ అంటే అక్కడి గోల్ఫ్ క్లబ్బు సెక్రటరీ డాక్టర్ జ్ఞానప్రసూనాంబ. ఒకటో నంబరు బంగళాలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల పాతికేళ్లలో పుట్టినవాళ్లలో సగంమంది ఆమె చేతిలోనే కేరుమన్నారు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. నేతచీర మోకాళ్ల కింద వరకూ ఎగ్గట్టి, కాన్వాసు బూట్లు తొడుక్కుని, రోజూ ఉదయం ఒక్కతే బీడంతా తిరిగి ఆడుతుంది. ఆ క్లబ్బుకి మిగిలిన సభ్యురాలు ఆమె ఒక్కతే.

"మాస్టారూ, దస్తావేజులో రాసి ఉంది. క్లబ్బు సభ్యులకి తప్ప ఈ ఇళ్లు అమ్మకూడదు. సభ్యుడు కావాలంటే సెక్రటరీ ఎదుట తొమ్మిది గుంటలూ ఆడి ముగించాలి. ఎన్ని దెబ్బలకి ముగించారని అడగను. పొద్దున్నే మొదలుపెట్టాలి, జిన్నింగు మిల్లు పన్నెండు గంటల కూత లోపల తొమ్మిదో గుంటలో బంతి పడాలి."

"నేను ఆడటం ఎప్పుడూ చూడను కూడా చూడలేదండీ," అన్నాడు రామమూర్తి.

"రెండు నెలలు గడువిస్తాను. నేర్చుకోండి."

"ఎందుకండీ ఇంత పట్టుదల?" కామేశ్వరి ఉండబట్టలేక అడిగింది.

"ఆడనివాళ్లకి ఇస్తే మర్నాడే బీడు దున్నేసి పత్తి వేస్తారమ్మా. కిందటేడు గుంటూరు నుంచి ఒక మిర్చి వ్యాపారి వచ్చాడు. రెండో గుంట దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు. గ్లూకోజు ఎక్కించి పంపించాను."

తిరుగు బస్సులో కామేశ్వరి మనసు దూదిపింజలా తేలిపోయింది. చెడుగుడు కోర్టులోకి కూడా ఎన్నడూ దిగని మనిషి, తొమ్మిది గుంటలు ఆడతాడా? బయానా వెనక్కి వస్తుంది, బ్రాడీపేట ఇల్లు దక్కుతుంది. చెల్లెలికి కార్డు ముక్క రాసేద్దామనుకుంది.

రామమూర్తి మాత్రం ఊరు చేరగానే వడ్రంగి చేత తుమ్మకర్రతో ఒక వంపు కర్ర చేయించుకున్నాడు. పొద్దున్నే పెరట్లో రబ్బరు బంతి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి వారం బంతి కదల్లేదు, మట్టి లేచింది. రెండో వారం బంతి లేచింది, ఎటు వెళ్లిందో తెలియలేదు. మూడో వారం పక్కింటి సుబ్బరావమ్మ డాబా మీద పెట్టిన వడియాల మధ్య నాలుగు బంతులు దొరికాయి.

సుబ్బరావమ్మ వాటిని కొంగులో వేసుకొచ్చి గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఏం వదినా, మాస్టారికి గాలిగానీ సోకిందా? కర్ర పట్టుకుని ఒక్కళ్లే మట్టితో మాట్లాడుకుంటున్నారు. తాయెత్తు కట్టించరాదూ?"

కామేశ్వరి కూడా నవ్వేసి ఊరుకుందామనుకుంది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆయన గోల్ఫు నేర్చుకుంటున్నారు. మీ ఆయనలా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టటం లేదు. ఆ వడియాలు పాడైతే చెప్పండి, నేను పెట్టిస్తాను."

తలుపు వేశాక తన కోపం చూసి తనే ఆశ్చర్యపోయింది. ఆ మధ్యాహ్నం రామమూర్తి అన్నం కలుపుతూ, "చారులో ఉప్పెక్కువైంది, మిరియాలు తక్కువయ్యాయి, ఇంగువ సంగతి మరిచేపోయావు," అన్నాడు. ఆమె మజ్జిగ పోసే నెపంతో మొహం తిప్పుకుని కళ్లు ఒత్తుకుంది. చెల్లెలికి రాసిన కార్డు పోస్టులో వెయ్యలేదు.

గడువు మార్చి నెలలో ముగిసింది. పరీక్ష రోజుకి ముందురోజే వాళ్లు వెళ్లి బంగళాలో దిగారు. ఉదయం ఆరింటికల్లా అందరూ మొదటి గుంట దగ్గర చేరారు. డాక్టరమ్మ చేతి గడియారం సరిచూసుకుంది. ఇమ్మానియేలు టై బిగించుకుని, జేబులోంచి పాకెట్ బైబిలు తీసి రెండు వాక్యాలు చదువుకున్నాడు. ఈ ఇల్లు అమ్ముడుపోతే ఆరేళ్లలో అతనికి అదే మొదటి అమ్మకం. బుడాన్ సంచీ భుజానికెత్తుకోబోతే మోకాలు పట్టేసింది.

"ఇటివ్వవయ్యా," అని కామేశ్వరి సంచీ అందుకుంది. "ఇవాళ్టికి నేను కేడీని."

మొదటి రెండు గుంటలూ రామమూర్తి ఎలాగో దాటించాడు. గుంట చుట్టూ గడ్డి లేదు. ఇసకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి చదును చేసిన చక్రంలాంటి జాగా ఉంది. కామేశ్వరి అందులో కాలు పెట్టబోతే బుడాన్ అరిచాడు.

"అమ్మగారూ, మడి! చెప్పులు విడిచి రండి!"

"మడా? ఇక్కడ కూడానా?"

"దాన్ని మేం మడి అంటామమ్మా. బంతి దొర్లే జాగా. చెప్పులతో తొక్కితే మైలపడ్డట్టే."

ఈ ఆటలో మొదటిసారిగా ఆమెకి అర్థమైన మాట అది. చెప్పులు విడిచి గౌరవంగా నడిచింది.

మూడో గుంట నుంచి అయిదో గుంట దాకా బీడంతా ఎర్రగా ఉంది. రైతులు మిరపకాయలు ఆరబోసుకునే కల్లాలవి. క్లబ్బు ఖర్చులు గడిచేది ఆ అద్దెతోనే. రామమూర్తి కొట్టిన బంతి సరిగ్గా వెళ్లి రాశి మధ్యలో దిగబడింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రూలుందండి. కాయలు తొక్కకుండా వెళ్లి, బంతిని చేత్తో తీసుకుని, రాశి ఇవతల పెట్టి కొట్టుకోవచ్చు. కళ్లు మాత్రం నలుపుకోకూడదు. ఆఖరిది మా నాయన చేర్చిన రూలండి," అన్నాడు బుడాన్.

రామమూర్తి అన్నీ పాటించాడు, ఆఖరిది మరిచిపోయాడు. పావుగంట సేపు కల్లం గట్టున కూర్చుని ఏడుస్తూ తుమ్మాడు. కామేశ్వరి కొంగు తడిపి కళ్లు తుడిచింది. ఆ సందులో ఇమ్మానియేలు కాలితో బంతిని నాలుగడుగులు ముందుకి నెట్టాడు.

"ఇమ్మానియేలూ, కాలు," అంది డాక్టరమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"సారీ మేడమ్. జారింది."

"జారిన చోటికే మళ్లీ జార్చు."

ఎనిమిదో గుంట దగ్గరికి వచ్చేసరికి పదిన్నర దాటింది. ఎండకి రేగడి నేల బీటలు తీసి ఉంది. బీటలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. రామమూర్తి బలంగా కొట్టిన దెబ్బకి బంతి ముప్పై గజాలు దొర్లి, పలకరించినట్టుగా ఒక బీట అంచున ఆగి, లోపలికి జారిపోయింది.

"పర్లేదండి, దీనికీ రూలుంది. ఇంకో బంతి పెట్టుకుని కొట్టండి," అన్నాడు బుడాన్.

"కొత్త బంతి ఎందుకు వదులుకోవడం?" అని రామమూర్తి బోర్లా పడుకుని బీటలో చెయ్యి పెట్టాడు. తడిమి తడిమి ఒక బంతి పైకి తీశాడు. అది ఆయన బంతి కాదు. గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది. పంచెతో తుడిచి ఎండకి పెట్టి చూశాడు.

"కామేశ్వరీ!" అని కేకేశాడు. "దీని మీద పేరుంది. ఎవరో దొర పేరు. పంతొమ్మిది వందల పంతొమ్మిది!"

"చాలా సంతోషం. ఆ బంతి కొట్టండి, టైమవుతోంది."

ఆయన మళ్లీ చెయ్యి దించాడు. ఇంకోటి వచ్చింది. పక్క బీటలో మరోటి. డెబ్బై ఏళ్లుగా ఆడినవాళ్లు పారేసుకున్న బంతులన్నీ ఏటా వానలకి మూసుకుపోయి, ఎండలకి నోరు తెరుచుకుని, అక్కడే ఉన్నాయి. రామమూర్తి పాక్కుంటూ బీట నుంచి బీటకి పోతున్నాడు. చొక్కా అంతా నల్లమట్టి. కామేశ్వరి పిలిచింది. డాక్టరమ్మ పిలిచింది. ఇమ్మానియేలు దాదాపు ఏడుస్తూ, "సార్! ప్లీజ్ సార్! హిస్టరీ ఎక్కడికీ పోదు సార్!" అన్నాడు. ఎవరి మాటా ఆయన చెవికి ఎక్కలేదు.

డాక్టరమ్మ గడియారం చూసింది. "పదకొండు. ఆట వదిలేస్తే ఓడినట్టేనమ్మా."

కామేశ్వరి సంచీ భుజాన వేసుకుని ఆ ఎండలో నిలబడి మొగుణ్ని చూసింది. ఇక్కడితో ఆగిపోతే బ్రాడీపేట ఇల్లు ఆమెదే. నోరు తెరవాల్సిన పని కూడా లేదు. కానీ ఆ ఇంట్లో మూడో గదిలో పడక్కుర్చీ వేస్తారు. అది గోడవైపు తిరిగి ఉంటుంది. నేల మీద బోర్లా పడుకుని, చిన్నపిల్లాడిలా ఇంతింత కళ్లతో బంతి తుడుచుకుంటున్న ఈ మనిషి మాత్రం అక్కడ ఉండడు.

"బుడాన్, దీనికేం రూలు లేదా?"

బుడాన్ గడ్డం గోక్కున్నాడు. "ఉందమ్మగారూ. ఆడే మనిషికి ఒంట్లో బాగోకపోతే ఆయన పెళ్లాం ముగించవచ్చు. వెనక ఒక దొర నాలుగో గుంట దగ్గరికల్లా తాగి పడిపోయేవాడంట. ఆ దొరసాని పోట్లాడి రాయించింది. కానీ అప్పుడు ఇల్లు ఆవిడ పేరనే రాయాలి."

"మరి డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు కదా!" ఇమ్మానియేలు ఎగిరి గంతేశాడు.

"నేను దొంగ సర్టిఫికెట్టు ఇవ్వను," అంది డాక్టరమ్మ కఠినంగా.

అని రామమూర్తి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నాడి చూసింది. ఆయన రెండో చేత్తో తవ్వుకుంటూనే ఉన్నాడు. "మాస్టారూ, ఇవాళ ఏ వారం?"

"పంతొమ్మిది వందల ఇరవై రెండు," అన్నాడు రామమూర్తి.

డాక్టరమ్మ లేచి, కళ్లజోడు సర్దుకుని, చీటీల పుస్తకం తీసింది. "పిలిస్తే పలకడం లేదు. ఎండ తెలియడం లేదు. ఏ రోజో తెలియడం లేదు. ఆట సాగించే స్థితిలో లేడు. ఉన్నదే రాశాను. కానీవమ్మా."

కామేశ్వరి కొంగు బొడ్లో దోపి కర్ర పట్టుకుంది. మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండో దెబ్బ నేలకి తగిలింది. రామమూర్తి పట్టినట్టు పట్టుకోవడం తనవల్ల కాదని తెలిసిపోయింది. అప్పుడు కర్రని వాకిలి ఊడ్చే పొడుగు చీపురులా పట్టుకుని, నడుం వంచి, ఒక్క ఊపు ఊపింది. బంతి లేవలేదు. నేలబారుగా, తిన్నగా, బీటల మధ్య సందు చూసుకుని దొర్లుకుంటూ పోయింది.

"అల్లా!" అన్నాడు బుడాన్.

ఊడుస్తూ ఊడుస్తూ ఎనిమిదో గుంట పూర్తిచేసింది. తొమ్మిదోదానికి అడ్డంగా కాలవ ఉంది. బంతిని దాని మీదుగా ఎగరెయ్యాలని బుడాన్ చెప్పాడు.

"మీదుగానే వెళ్లాలని రాసి ఉందా?"

"రాసి లేదమ్మా. అందరూ అలాగే వెళ్తారు."

"నేను వంతెన మీంచి వెళ్తాను."

ఎడ్లబళ్ల వంతెన రెండొందల గజాల అవతల ఉంది. ఆమె బంతిని గట్టు వెంబడి అంతదూరం ఊడ్చుకుంటూ వెళ్లి, వంతెన దాటించి, మళ్లీ అంతదూరం వెనక్కి ఊడ్చుకొచ్చింది. వంతెన మీద ఎదురైన పత్తిబండి ఆగి దారిచ్చింది. బండివాడు, "ఏం పోయిందమ్మా?" అని అడిగాడు. "ఇల్లు," అంది ఆమె, ఆగకుండా. వెనక డాక్టరమ్మ బూట్లు టపటపలాడిస్తూ, ఇమ్మానియేలు టై ఊడదీసి మొహం తుడుచుకుంటూ, బుడాన్ కుంటుకుంటూ పరిగెత్తారు.

తొమ్మిదో మడి చేరేసరికి గుంటకీ బంతికీ మధ్య రెండు జానల దూరం ఉంది. కామేశ్వరి చెప్పులు విడిచింది. కర్ర ఆనించింది. సరిగ్గా అప్పుడే జిన్నింగు మిల్లు కూత మొదలైంది.

ఆ కూత రోజూ నిమిషం పాటు మోగుతుంది. ఆమె బంతిని తట్టింది. అది వెళ్లి గుంట అంచున కూర్చుని, పడనా మాననా అన్నట్టు ఊగింది. ఇమ్మానియేలు కళ్లు మూసుకున్నాడు. కూత ఇంకా మోగుతూనే ఉంది. బంతి టప్పుమని లోపల పడింది. తర్వాత కూత ఆగింది.

ముగ్గురూ డాక్టరమ్మ వంక చూశారు.

"మొదలైన కూత ముగిసేదాకా పన్నెండు అయినట్టు కాదు. కాన్పులప్పుడు కూడా నేను అలాగే రాసేదాన్ని," అందామె. చెయ్యి చాచి కామేశ్వరి భుజం తట్టింది. "కాలవ చుట్టూ తిరిగి వచ్చిన మొదటి మనిషివి నువ్వే."

ఇమ్మానియేలు మడి మీద చెప్పులతోనే గంతులు వేశాడు. బుడాన్ తిట్టి కిందికి దింపాడు.

అప్పుడు వచ్చాడు రామమూర్తి, ఉత్తరీయం మూటగట్టుకుని, తలనుంచి కాళ్లదాకా నల్లగా. "కామేశ్వరీ, మొత్తం పద్నాలుగు! రెండిటి మీద..." అని, అందరి మొహాలూ చూసి, తన చేతిలో కర్ర లేదని గుర్తొచ్చి, నీరుగారిపోయాడు. "అయ్యో! కూత కూసేసిందా? ఇల్లు..."

"నేను కొన్నాను," అంది కామేశ్వరి.

ఆ మాట ఆయన బుర్రకి ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక మూటలోంచి మంచి బంతి ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

రిజిస్ట్రేషను ఆమె పేరనే జరిగింది. దానితో ఇంకో చిక్కు వచ్చింది. రూల్సు ప్రకారం సభ్యురాలు కామేశ్వరి. రామమూర్తి ఆమె భర్త మాత్రమే. సభ్యుల భర్తలు క్లబ్బు గదిలోకి రావాలంటే సభ్యురాలు ఏ రోజుకారోజు సంతకం పెట్టాలి. పాత రిజిస్టర్లన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. అందుకని రామమూర్తి రోజూ పొద్దున్నే కాఫీ తనే కలిపి తీసుకొచ్చి, చీటీ, కలం ముందు పెట్టి నిలబడేవాడు. ఆమె నిదానంగా కాఫీ తాగి, పంచదార తక్కువైందని చెప్పి, సంతకం పెట్టేది.

గుంటూరు నుంచి బాలసరస్వతి చూడటానికి వచ్చి, వరండాలో నిలబడి ఆ బీడంతా కలయజూసి, "ఇక్కడ నీకు తోచుతుందా అక్కా?" అని దిగులుగా అడిగింది.

"తోచక ఛస్తాననుకున్నానే," అంది కామేశ్వరి, కాన్వాసు బూట్ల తాడు ముడివేసుకుంటూ. డాక్టరమ్మ గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటోంది. "కూర్చో, పెసరట్టు పిండి రుబ్బి ఉంది, మీ బావగారు వేసి పెడతారు. ఆ వంటిల్లు ఇంటికి దూరమేగానీ ఆయనకి బాగా అలవాటైంది. నేను నాలుగో గుంట దాకా వెళ్లి వచ్చేస్తాను."